మొక్కజొన్న పొయ్యికి గాలాడని రోజులు

పొయ్యి కంపెనీ నుంచి వచ్చిన మనిషి పనిముట్ల సంచి జిప్పు తీయనే లేదు. ఇది నేను కళ్ళారా చూసి ఆ రోజే డైరీలో రాసుకున్న సంగతి. దివానియా హాల్లోకి వచ్చాడు. పొయ్యి గాజుతలుపు మీద పేరుకున్న మసిని వేలితో గీసి చూశాడు. వేలు టిష్యూతో తుడుచుకుని, సోఫాలో కూర్చుని, రెండు గ్లాసుల టీ తాగాడు. తాగాక, దీన్ని ఎవరు శుభ్రం చేస్తారని అడిగాడు. పనిమనిషి అని ఇంటి పెద్దకొడుకు చెప్పాడు. అదే మరి, అన్నాడు ఆ మనిషి. తడిగుడ్డతో తుడిచి ఉంటుంది, తడిసిన గింజలు పోసి ఉంటుంది, ఇది వాడేవాళ్ళ తప్పు, కాబట్టి గ్యారంటీ వర్తించదు. కాగితం మీద సంతకం చేయించుకుని వెళ్ళిపోయాడు. మంట వైపు ఒక్కసారైనా చూడలేదు. నేను ముప్పై ఏళ్ళకు పైగా బాయిలర్ దగ్గర పని చేసినవాణ్ణి. మంటను చూడకుండా మంట జబ్బు చెప్పిన మనిషిని అంతకు ముందు ఎన్నడూ చూడలేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది అన్నమయ్య జిల్లా. వయసులో ఉండగానే కువైట్ వచ్చి ఒక పెద్ద లాండ్రీలో బాయిలర్ మనిషిగా చేరాను. బాయిలర్ పక్కన ఒక పుస్తకం వేలాడేది. గంటకొకసారి ఆవిరి ఒత్తిడి ఎంత, నీళ్ళ మట్టం ఎంత, మంట రంగు ఏమిటి అని అందులో రాయాలి. రాయకపోతే ఆ గంట మనం పని చేయనట్టే లెక్క. ఆ అలవాటు నాతో పాటు గదికి వచ్చింది. నల్ల అట్టల డైరీలు ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. వాటిలో గొప్ప సంగతులేమీ లేవు. ఏ రోజు గాలి ఎటు వీచింది, ఏం వండుకున్నాను, ఎవరితో ఏ మాట అన్నాను, అంతే.

పని నుంచి దిగిపోయాక రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో, గేటు పక్కన ఉన్న చిన్న గదిలో ఉండిపోయాను. ఆ ఇంటి ముసలాయన నాకు మొదటి నుంచీ తెలిసినవాడు. ఇక్కడే ఉండి చెట్లకు నీళ్ళు పెట్టుకో అని, నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, తన ఇంటి మీదికి మార్పించాడు. ఆయన పోయాక కూడా ఇంటివాళ్ళు నన్ను కదిలించలేదు. ఆ మంచితనం నేను మరిచిపోలేదు. మరిచిపోలేదు కాబట్టే ఆ వారం నాకు అంత ఒళ్ళు మండింది.

ఆ ఇంట్లో పిలుపుల సంగతి కూడా ఇక్కడే రాయాలి. ముసలాయన భార్యను పనివాళ్ళమంతా మామా అంటాం. కువైట్‌లో ఏ ఇంట్లో అయినా యజమానురాలు మామానే. వాళ్ళ భాషలో మామా అంటే అమ్మ. నన్నేమో ఆ ఇంటి పిల్లలు అమ్మీ అంటారు. వాళ్ళ భాషలో అమ్మీ అంటే బాబాయి. మన దగ్గర అమ్మ ఆడమనిషి, మామ మగమనిషి. ఇక్కడ మామా ఆడమనిషి, అమ్మీ మగమనిషి. కొత్తగా వచ్చినవాళ్ళకు వారం రోజులు తల తిరుగుతుంది. తర్వాత అలవాటైపోతుంది. అలవాటైపోవడమే ప్రమాదమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంట్లో పని చేసే అమ్మాయిది మా పక్క మండలం. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై దాటిన మనిషి. ఊరివాళ్ళ వరసలో నన్ను మామా అని పిలిచేది. నేను పాపా అనేవాణ్ణి. డ్రైవర్‌ది రాయచోటి. ముస్లిం, అరబ్బీ ధారాళంగా మాట్లాడతాడు. "వంటింట్లో ఒక మామా, గేటు కాడ ఒక మామా. ఈ యమ్మ మామా అని పిలిస్తే ఎవరు పలకల్లో నాకే తెల్దన్నా" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ మాట డైరీలో రాసుకున్నాను కూడా.

ఇక పొయ్యి. పెద్దకొడుకు ఏదో చలిదేశంలో చదువుకునేటప్పుడు స్నేహితుడి ఇంట్లో చూశాడట. అక్కడి నుంచి తెప్పించి, చలికాలం మొదట్లో దివానియాలో పెట్టించాడు. దివానియా అంటే సాయంత్రాలు మగవాళ్ళు చేరి కబుర్లు చెప్పుకునే హాలు. కువైట్ అంటే ఎండే అనుకుంటారు మనవాళ్ళు. జనవరిలో ఎడారి మీది నుంచి వచ్చే చలిగాలికి పళ్ళు టకటకమంటాయి.

అది చిన్న బీరువా అంత ఇనుప పెట్టె. పైన తొట్టిలో ఎండిన మొక్కజొన్న గింజలు పోయాలి. అడుగున ఒక మర తిరుగుతూ కొన్ని కొన్ని గింజలను నిప్పుగిన్నెలోకి తోస్తుంది. ఆ గిన్నెకు చుట్టూ సన్న బెజ్జాలు. ఒక ఫ్యాన్ పొగను వెనక గొట్టంలోంచి బయటికి లాగేస్తుంది. ఆ లాగుడుకు ఇంకో చిన్న గొట్టంలోంచి బయటి గాలి లోపలికి వచ్చి, గిన్నె బెజ్జాల గుండా మంటకు అందుతుంది. ముందు గాజుతలుపు, దానికి చుట్టూ గాలి దూరకుండా మందపాటి తాడు లాంటి పట్టీ. బుద్ధిగా చేసిన యంత్రం. ఆ మాట ఒప్పుకుంటాను.

అందులో పోసేది మాత్రం కోళ్ళకు వేసే గింజలే. తినే గింజను కాల్చడం చూసి, మొదటి రోజు కింద రాలినవన్నీ ఏరి జేబులో వేసుకున్నాను. ఆ గింజ కోసం మా నాయన ఎన్ని వేసవులు ఆకాశం వైపు చూశాడో నాకు తెలుసు. అమ్మాయి అయితే పైకే అనేసింది: "మనూర్లో ఈ పని జేస్తే చెప్పు తీసుకుంటారు మామా." అంటూనే బస్తా విప్పి తొట్టి నింపింది. చెప్పిన పని చేయడమే కదా మేము చేయగలిగింది.

మంట మొదట్లో బాగుండేది. పొట్టిగా, చురుగ్గా, పసుపులో తెలుపు కలిసిన రంగు. మొక్కజొన్న కాలితే గిన్నె అడుగున బెల్లపు అచ్చులాంటి గట్టి పెళ్ళ మిగులుతుంది. కొలిమిలో చిట్టెం లాగా. దాన్ని రోజూ పొద్దున చల్లారాక పగలగొట్టి తీసేయాలి, లేకపోతే బెజ్జాలు మూసుకుపోతాయి. అమ్మాయికి ఆ పని నేనే నేర్పాను. ఒక్కసారి చూపిస్తే చాలు, రెండోసారి నాకన్నా బాగా చేసేది. పొడిగుడ్డ ఒకటి పొయ్యికని విడిగా పెట్టుకుంది. తడిగుడ్డ అన్నాడే ఆ కంపెనీ మనిషి, ఆ పొడిగుడ్డ పొయ్యి పక్కన మేకుకు వేలాడుతూనే ఉంది. తల తిప్పితే కనపడేది.

రెండు వారాలు సుఖంగా నడిచాక మంట చెడింది. పొడుగ్గా, బద్ధకంగా, ఎర్రగా సాగి గాజును నాకడం మొదలుపెట్టింది. గాజు ఒక్క సాయంత్రానికే నల్లబడేది. గింజలు సగం కాలి గిన్నెలో గుట్టపడేవి. కాసేపటికి యంత్రం తనంతట తానే ఆగిపోయేది, మళ్ళీ వెలిగిస్తే హాల్లోకి పొగ. వచ్చిన అతిథులు దగ్గుకుంటూ, కోళ్ళ మేత ఇక కోళ్ళకే వేయమని పెద్దకొడుకును ఆటపట్టించారు. అతనికి తల కొట్టేసినట్టయింది. కంపెనీకి ఫోన్ చేశాడు. ఆదివారం ఆ టీ తాగే మనిషి వచ్చాడు.

అతను వెళ్ళాక ఇంట్లో జరిగింది చెప్పాలి. మామా అమ్మాయిని పిలిచి, ఇంకొక్క తప్పు దొరికితే మక్తబ్‌కు తిప్పి పంపిస్తానంది. మక్తబ్ అంటే పనివాళ్ళను తెప్పించి ఇళ్ళకు ఇచ్చే ఆఫీసు. ఇచ్చిన కొన్ని నెలల లోపల మనిషి నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. పొయ్యికీ గ్యారంటీ, మనిషికీ గ్యారంటీ. తేడా ఏమిటంటే, పొయ్యి గ్యారంటీ తప్పించుకోవడానికి ఒకడు సాకులు వెతికాడు, మనిషి గ్యారంటీ వాడుకోవడానికి ఇంకొకరు సాకులు వెతికారు. ఇది ఆ అమ్మాయికి కువైట్‌లో రెండో ఇల్లు. మొదటి ఇంట్లో పడరాని పాట్లు పడి మక్తబ్‌కు చేరిన మనిషి. రెండోసారి వెనక్కి వచ్చినవాళ్ళకు మూడో ఇల్లు చూపించరు, విమానం ఎక్కిస్తారు. ఊళ్ళో ఆమె సంపాదన మీద ఆధారపడిన వాళ్ళు ఎంతమందో ఆమె నాకు ఎన్నోసార్లు చెప్పింది. అది ఇక్కడ రాయను. ఆమె చెప్పుకోవాల్సిన సంగతి.

నేను ఊరుకోలేకపోయాను. పొయ్యి జబ్బు కనిపెట్టి, తప్పు ఆమెది కాదని చూపించాలని పట్టుపట్టాను. బాయిలర్ దగ్గర మా పెద్ద మిస్త్రీ నేర్పిన పద్ధతి ఒకటే: ఒకసారికి ఒక్కదాన్నే మార్చి చూడు, చూసింది రాయి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో ఎప్పటికీ తెలియదు.

సోమవారం గింజల పని పట్టాను. పంటికింద వేస్తే పటుక్కుమని విరిగింది. మెత్తబడలేదు. అయినా పళ్ళను నమ్మకుండా, ఆరిన గాజుసీసాలో గుప్పెడు గింజలు, ఒక చెంచా పొడి ఉప్పు వేసి గిలక్కొట్టాను. గింజలో చెమ్మ ఉంటే ఉప్పు సీసా గోడలకు అంటుకోవాలి. ఒక్క రవ్వ కూడా అంటలేదు. సీసాను పెద్దకొడుకు ముందు పెట్టి గింజలు ఎండినవేనని చెప్పాను. అతను ఫోన్ చూస్తూ తల ఊపాడు. కంపెనీ మనిషి నోటితో చెప్పింది సంతకం పెట్టి నమ్మాడు. నేను సీసాలో చూపించింది కంటితో కూడా చూడలేదు.

మంగళవారం గిన్నె తీసి బెజ్జాలన్నీ మేకుతో పొడిచి చూశాను. అన్నీ తెరుచుకునే ఉన్నాయి, అమ్మాయి పని అంత శుభ్రం. తర్వాత తలుపు పట్టీ. న్యూస్‌పేపర్ ముక్కను తలుపులో ఇరికించి మూసి, లాగి చూశాను. నాలుగు వైపులా గట్టిగా పట్టుకుంది. పొగ గొట్టంలో పిడికెడు బూడిద తప్ప ఏమీ లేదు. ఫ్యాన్ రెక్కల మీద మసిని బ్రష్‌తో దులిపాను. మంట మారలేదు.

బుధవారం పొద్దున వెలిగించి, మంట సాగడం మొదలవగానే గాజుతలుపును ఒక వేలి మందం తెరిచాను. మంట గుప్పున లేచి నిలబడింది. తెల్లబడింది. తలుపు మూశాను, మళ్ళీ వాలిపోయింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. అంటే గింజ మంచిదే, గిన్నె మంచిదే, మంటకు కావలసింది గాలి. అప్పుడు హాలు తలుపులు, కిటికీలు బార్లా తెరిపించాను. మంటలో ఏ మార్పూ లేదు. అంటే అది హాల్లోని గాలిని తీసుకోవడం లేదు, దాని గాలి దారి వేరు, ఆ దారిలోనే ఏదో అడ్డం ఉంది. ఇంతవరకు రావడానికి నాకు మూడు రోజులు పట్టింది. కంపెనీ మనిషి తలుపు ఒక వేలు తెరిచి ఉంటే మూడు నిమిషాలు పట్టేది.

డ్రైవర్‌ను మంట దగ్గర నిలబెట్టి నేను గోడ వెనక్కి వెళ్ళాను. ఏసీ బయటి పెట్టె వెనక, మోకాలి ఎత్తున, ఆ చిన్న గొట్టం మూతి ఉంది. దాని మీద ప్లాస్టిక్ కవరు, చుట్టూ గోధుమరంగు టేపు. అంచులు కత్తెరతో కత్తిరించినట్టు సమానంగా ఉన్నాయి. అంత శుభ్రంగా టేపు వేసే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే. అది ఆ క్షణమే నాకు తెలిసి ఉండాలి. తెలియలేదు. జబ్బు దొరికిన సంతోషంలో కళ్ళు మూసుకుపోయాయి. టేపు పీకేశాను. లోపల నుంచి డ్రైవర్ వచ్చి, "అన్నా, మంట లేచింది" అన్నాడు.

ఆ టేపు ముద్దను జేబులో పెట్టుకుని నా గదికి పోయి ఉంటే సరిపోయేది. నేను దాన్ని బహుమతి పట్టుకెళ్ళినట్టు పెద్దకొడుకు దగ్గరికి పట్టుకెళ్ళాను. తడిగుడ్డ కాదు, తడిగింజ కాదు, ఇదీ కారణం అని చూపించాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒకే ప్రశ్న వేశాడు. మరి ఇది ఎవరు అంటించారు?

ఆ తర్వాత జరిగింది వంటింట్లో. నేను లేను. డ్రైవర్‌ను పిలిపించారు, అతను వచ్చి నాకు చెప్పింది రాస్తున్నాను. మామా టేపు ముద్దను చేతిలో పట్టుకుని, ఇది నువ్వేనా చేసింది అని అడిగింది. అమ్మాయి వెంటనే ఔనంది. ఎవరు చేయమన్నారంటే, తనకు వచ్చిన పనివాళ్ళ అరబ్బీలో, "మామా గూల్ సక్కర్" అంది. మామా మూయమని చెప్పినారు అని అర్థం. ఆ అరబ్బీలో ఆడ, మగ తేడా ఉండదు, నిన్న, నేడు తేడా కూడా ఉండదు. మామాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. నేనా? నేను చెప్పానా? నా ఇంట్లో, నా ఎదురుగా నిలబడి, నా మీదే అబద్ధమా? చద్దాబా అంది. అబద్ధాలకోరు అని. పొయ్యి పోతే పోయింది, అబద్ధమాడే మనిషి మాత్రం నా ఇంట్లో ఉండకూడదు, శనివారం మక్తబ్‌కు, ఖలాస్.

"నేను గూడా అడిగినానన్నా, మామానే చెప్పినారా అని" అన్నాడు డ్రైవర్. "మామానే అంటాంది. అరగంట అదే మాట. ఇంకేం జెప్పల్ల నేను?"

నాకు ఇప్పుడు కోపం అమ్మాయి మీదికి తిరిగింది. మూడు రోజులు గొడ్డులా కష్టపడి ఆమెను కాపాడబోతే, నోటితో చెడగొట్టుకుంది అనిపించింది. ఇంటి వెనక, బట్టలు ఉతికే చోటికి వెళ్ళాను. ఆమె దుప్పట్లు పిండుతోంది. తెలియక మూశానంటే పోయేది కదా, ఇంకొకరి మీద ఎందుకు పెట్టావు అని అడిగాను.

ఆమె పిండడం ఆపి నా మొహంలోకి చూసింది.

"మామా చెప్పినారు, మూసినా. ఇప్పుడు మామానే చెప్పలేదంటే నేనేం చేయల్ల?"

"అబద్ధం మీద నిలబడొద్దు పాపా" అన్నాను.

ఆమె దుప్పటి మళ్ళీ తీసుకుని, నీళ్ళన్నీ పోయేదాకా పిండింది. నేను పెద్దమనిషిలాగా గొంతు సవరించుకుని వచ్చేశాను. ఆ గొంతు సవరింపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళంతా చీదర.

గురువారం మధ్యాహ్నం భోజనం అయ్యాక డైరీ తీశాను. పొయ్యి సంగతి మొదటి నుంచి వరసగా ఒక చోట రాసుకోవాలనుకున్నాను. అందుకు మంట ఏ రోజు చెడిందో ఖాయం చేసుకోవాలి. పేజీలు వెనక్కి తిప్పాను. మంట ఎర్రబడిందని రాసిన రోజు దొరికింది. దానికి ముందు రోజు పేజీ కూడా కళ్ళబడింది. నా రాతే, నీలం సిరా:

'పడమటి గాలి. దుమ్ము. ఈ కాలంలో ఇంత దుమ్ము రావడం అరుదు. పూలకుండీలు లోపల పెట్టాను. ఏవేవి మూయాలని పాప అడిగింది. కనపడిన బొక్కలన్నీ మూసేయమని చెప్పాను. రాత్రికి ఉప్మా.'

రెండుసార్లు చదివాను. ఆ రోజు కళ్ళ ముందుకు వచ్చింది. ఆకాశం ఇటుకరాయి రంగులో ఉంది. నేను రెండు చేతులా కుండీలు పట్టుకుని పరుగెడుతున్నాను. ఆమె టేపు చుట్ట పట్టుకుని వెనక నుంచి మామా, మామా అని పిలుస్తోంది. నేను వెనక్కి కూడా తిరగకుండా ఆ మాట అన్నాను. దుమ్ము వస్తే కిటికీ సందులు, ఏసీ బెజ్జాలు టేపు వేసి మూయడం ఇక్కడ ప్రతి ఇంట్లో చేసేదే. దుమ్ము పోయాక ఇంట్లోవి తీసేసింది, ఎందుకంటే ఇంట్లోవాళ్ళు తీయమన్నారు. ఏసీ వెనక ఉన్నది ఎవరూ తీయమనలేదు. చెప్పనిది చేస్తే తిట్లు పడే చోట ఎవరు చేస్తారు?

బొక్కలన్నీ! ముప్పై ఏళ్ళు మంటకు గాలి కొలిచి పోసిన మనిషి అన్న మాట అది. కంపెనీ మనిషి జిప్పు తీయలేదని మూడు పేజీలు తిట్టి రాశాను. నేను నా డైరీ పట్టుమని పది పేజీలు వెనక్కి తిప్పడానికి నాలుగు రోజులు పట్టింది.

ఆమె చెప్పిన మామా నేను. వంటింట్లో నిలబడి చెప్పింది నా పేరే. నా మొహంలోకి చూసి, చెప్పినారు అంది. తెలుగులో ఆ గౌరవం ఒకటి ఉంది కదా, చెప్పినారు అంటే ఆడో మగో తెలియదు. అది నాకు ఇచ్చిన గౌరవం. నేను దాన్ని ఇంకొకరికి ఇచ్చినట్టు విని, అబద్ధం అని కొట్టేశాను. ఆమె ఏమనుకుని ఉంటుంది? చెప్పినవాడే ఎదురుగా వచ్చి నిలబడి, చెప్పలేదు పో అంటున్నాడు అనుకుని ఉంటుంది. ముసలోడు తన ఇఖామా కాపాడుకుంటున్నాడు అనుకుని ఉంటుంది.

చెప్పులు వేసుకుని, డైరీ చంకలో పెట్టుకుని, డ్రైవర్‌ను వెంటబెట్టుకుని వెళ్ళాను. నా అరబ్బీ చాలు, కానీ ఆ రోజు ఏ మాటా ఇంకోలా వినపడకూడదు. పెద్దకొడుకు, మామా ఇద్దరూ హాల్లో ఉన్నారు. మూయమన్నది నేను, ఆమె అబద్ధం చెప్పలేదు, మా ఊళ్ళ వైపు పెద్దవాణ్ణి మామా అంటారు, ఆమె మామా అన్నది నన్ను అని చెప్పాను. పేజీ తెరిచి చూపించాను. తెలుగు వాళ్ళకు రాదు, అయినా చూపించాను. శనివారం ఎవరినైనా పంపాలంటే నన్ను పంపండి అని కూడా అన్నాను.

పెద్దకొడుకు డ్రైవర్‌ను ఇంకోసారి చెప్పమన్నాడు. తర్వాత మామా నవ్వింది. పెద్దకొడుకు కూడా నవ్వాడు. నువ్వు మామానా అమ్మీ, మామా నువ్వా, అని ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ సాయంత్రం దివానియాలో అందరికీ ఇదే కథ చెబుతానన్నాడు కొడుకు. మాలేష్, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, కూర్చో అమ్మీ, టీ తాగు.

నేను కూర్చోలేదు. నాకు ఆ నవ్వు విని కలిగినంత కోపం ఆ వారం మొత్తంలో కలగలేదు. అదే టేపు. అదే గొట్టం. ఆమె చేసిందనుకున్నప్పుడు అది మక్తబ్, విమానం. నేను చేయించానని తెలిశాక అది టీ, నవ్వు. తప్పు బరువు తప్పులో లేదు, ఎవరి నెత్తిన పెట్టారన్న దాంట్లో ఉంది. మరి ఆమెకు ఎవరు చెబుతారు అని అడిగాను. ఏం చెప్పాలి అంది మామా, నిజంగానే అర్థం కాక. ఆమె అబద్ధం చెప్పలేదని, అన్నాను. శనివారం ఎక్కడికీ పోనక్కర్లేదని నువ్వే చెప్పు, అంది. నేను అడిగింది అది కాదు. కానీ అంతకంటే గట్టిగా అడగడానికి నాకు నోరు రాలేదు. అది కూడా రాస్తున్నాను, నా లెక్క నేను తప్పించుకోకూడదు కాబట్టి.

అమ్మాయి వంటింటి వెనక మెట్టు మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. చెప్పాను. ఆ మామా నేనే పాపా, గుర్తు లేకపోయింది అన్నాను.

"గుర్తు లేకపోయిందా మీకు?" అంది ఆమె, తల ఎత్తకుండా. "పొద్దున ఏం తిన్నారో, పోయిన్నెల ఏం తిన్నారో రాసిపెట్టుకుంటారు కదా."

"రాసిపెట్టుకున్నా. చదవలేదు."

"నిన్న మీ మొగం చూసి చెప్పినా. మామానే చెప్పలేదంటే నేనేం చేయల్ల అని. దానికి మీరు అబద్ధమంటిరి. సరే పోనీలే, పెద్దాయన, ఈ వయసులో యాడికి పోతాడు అనుకున్నా."

"అట్లయితే వంటింట్లో నన్ను వేలు పెట్టి చూపించింటే సరిపోయేది కదా పాపా."

"మొదుట్లో మామా అనే చెప్పినా కదా. వాళ్ళు ఇనుకోల్యా. మీరొచ్చి అట్లన్నంక ఇంక చెప్పబుద్ధి గాల్యా."

వెల్లుల్లి పొట్టు ఊది, గిన్నె తీసుకుని లేచింది. శనివారం పోనక్కర్లేదన్న మాటకు ఆమె మొహంలో సంతోషం కోసం చూశాను. ఉంది, దాచుకోలేనంత ఉంది. నాతో పంచుకోదగ్గ సంతోషం కాదది. లోపలికి పోతూ మాత్రం ఒక మాట అంది: "ఇది గూడా రాసుకోండి. ఈ తూరి ఏ మామానో తెలిసేటట్టు రాయండి."

రాశాను. ఇంటివాళ్ళెవరైనా ఆమెతో ఒక్క మాట అంటారేమోనని ఆ పేజీ కింద రెండు గీతల చోటు వదిలాను. ఆ చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. పొయ్యి మాత్రం ఆ చలికాలమంతా బాగా మండింది. కంపెనీ మనిషి మళ్ళీ ఒకసారి వచ్చాడట, టీకి.

మార్చిలో మళ్ళీ దుమ్ము లేచింది. నేను కుండీలు లోపలికి మోస్తున్నాను. ఆమె టేపు చుట్టతో నా గది గుమ్మం ముందు నిలబడి, ముందు ఆ కుండీ కింద పెట్టండి అంది. పెట్టాను. గోడ పొడుగునా నన్ను వెంట తిప్పింది. ప్రతి బెజ్జం మీదా నా వేలు పెట్టించి, మూయాలా వద్దా అని నోటితో చెప్పించింది. గేటు దగ్గర కారు మీద కవర్ కప్పుతున్న డ్రైవర్‌ను సాక్ష్యానికి పిలిచింది. కళ్ళలో దుమ్ము పడుతున్నా అతను నవ్వుతూనే వచ్చాడు. ఏసీ వెనక గొట్టం దగ్గరికి వచ్చాం.

"ఇది?" అంది.

"వద్దు" అన్నాను.

"మామా వద్దన్నారు" అని డ్రైవర్‌కు చెప్పింది.

"ఏ మామా?" అన్నాడు అతను.

ఆమె టేపు చుట్టతో నా భుజం మీద తట్టింది. "ఈ మామా."